నూట డెబ్బై ఒకటో పేజీ దగ్గర జాగ్రత్త

దస్రు సత్తుపల్లికి వచ్చి పద్నాలుగేళ్ళయింది. రోజూ గ్రంథాలయం గేటు ముందునుంచే మోటారు సైకిల్ మీద డ్యూటీకి పోతాడు. లోపల మాత్రం ఏనాడూ అడుగు పెట్టలేదు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో ఇల్లంత డంపర్ నడిపే మనిషికి గ్రంథాలయంతో ఏం పని? ఇప్పుడు పడింది పని. జూన్ ఆఖరు శనివారం షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా ఒద్దికగా లైబ్రేరియన్ సునంద ముందు నిలబడ్డాడు.

"మేడం, డ్రాగన్ల పుస్తకం ఒకటి కావాలె. ఇంగ్లీషుది."

సునంద కళ్ళద్దాల మీదుగా చూసింది. యాభై దాటిన మనిషి, మాట కరుకు. పోటీ పరీక్షల గైడ్లు ఇచ్చీ ఇచ్చీ ఆమెకు విసుగెత్తి ఉంది. డ్రాగన్ అనే మాట చెవిన పడగానే మొహంలోకి ప్రాణం వచ్చింది.

"ఎవరికి? మీకేనా?"

"మా బిడ్డకు. గోరి. ఆరో తరగతి."

"ఏ తీరు డ్రాగన్లు కావాలె?"

"డ్రాగన్లల్ల గూడ తీర్లుంటయా?"

"ఎందుకుండవు? వీరుని చేతిల చచ్చేటివి ఉంటయి. గుడ్డుకాడి నుంచి పిల్లలు సాదుకునేటివి ఉంటయి. మనుషుల కన్న తెలివిగ మాట్లాడేటివి ఉంటయి. బంగారం మీద పండుకొని ఎవ్వర్ని దగ్గరికి రానియ్యనివి ఉంటయి. మీ బిడ్డకు ఏది నచ్చుతది? ఇంతకుముందు ఏం చదివింది? కథల చావులుంటే తట్టుకుంటదా?"

దవాఖానాలో డాక్టరు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యడు. దస్రుకు ఒక్కదానికీ జవాబు తెలియదు. తన డంపర్ ఆరు టైర్లలో ఏది ఎంత అరిగిందో అడిగితే నిద్రలో లేపినా చెప్పగలడు. బిడ్డ ఏం చదువుతుందో చెప్పలేకపోయాడు.

"అవన్ని నాకు తెల్వదు మేడం. మంచిది ఏదో ఒకటి జూసి ఇయ్యండి."

"మంచిదంటే ఎవరికి మంచిది? బిడ్డనే అడిగి రాండ్రి."

"ఆమె నాతోటి మాట్లాడది," అనేశాడు దస్రు. అని, ఎందుకన్నానురా అనుకున్నాడు.

జరిగింది ఇది. జూన్ మొదట్లో భద్రాచలంలో ఒక గురుకులంలో గోరికి సీటు వచ్చింది. ఇంగ్లీషు మీడియం, హాస్టల్, తిండీ చదువూ అన్నీ అక్కడే. అంత దూరం అంటే పిల్ల ఎక్కడ వద్దంటుందోనని దస్రుకు భయం. వద్దని ఏడిస్తే తన మనసు ఎక్కడ కరిగిపోతుందోనని ఇంకా భయం. అందుకని ఒక తెలివైన పని చేశాననుకున్నాడు. బట్టలన్నీ సర్దిన ఆకుపచ్చ రేకు పెట్టెను ముందురోజే బామ్మర్ది శ్రీను బండి మీద హాస్టల్‌కు చేరవేయించాడు. శ్రీను సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు, భద్రాచలం అతనికి దగ్గర. మర్నాడు బిడ్డతో, "గోదావరి జూసి, గుడికి పోయి, పొద్దుమీకేవరకు వద్దాం" అని చెప్పి బస్సెక్కించాడు. గుడి అయింది, గోదావరి అయింది. హాస్టల్ గదిలోకి తీసుకుపోతే, వరసలో మూడో మంచం కింద తన పెట్టె తనకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. గోరి పెట్టెను చూసింది, తండ్రిని చూసింది. ఏడవలేదు. ఆ రోజునుంచి తండ్రితో ఒక్క మాట లేదు.

తండావాళ్ళు గనక వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. మనకోసం ఆ మాటలన్నీ తెలుగులో చెప్పుకుందాం. తండ్రిని పిలిచే 'బా', తల్లిని పిలిచే 'యాడీ' మాత్రం అలాగే ఉంచుదాం. ఆ కొద్ది వారాల్లో 'యాడీ' అన్న మాట దస్రు చాలాసార్లు విన్నాడు. 'బా' అన్న మాట వినలేదు. హాస్టల్ నుంచి ఆదివారం ఫోను వస్తే గోరి తల్లి వనజతోనే మాట్లాడుతుంది. పక్కమంచం పిల్ల దగ్గర సగం చినిగిన డ్రాగన్ల నవల ఒకటుందట, దాన్ని గదంతా వంతులేసుకుని చదువుతున్నారట, అలాంటిదే ఇంకొకటి కావాలని తల్లికే చెప్పింది. ఆ మాట పట్టుకునే దస్రు గ్రంథాలయం మెట్లెక్కాడు.

ఈ గొడవంతా అతను సునందకు చెప్పలేదు. ఆమె చూపించిన మూడు పుస్తకాల్లో లావుపాటిది తీసుకున్నాడు. డంపర్ అయినా పుస్తకమైనా పెద్దదైతే ఎక్కువ మోస్తుందని అతని లెక్క. సునంద ఏదో చెప్పబోయింది గాని అతను అప్పటికే సంచిలో పెట్టేశాడు.

జూలై రెండో ఆదివారం తల్లిదండ్రులు పిల్లల్ని చూసే రోజు. దస్రు ఆ పుస్తకాన్ని బిడ్డ చేతికిచ్చాడు. గోరి తీసుకుంది. ఆగస్టు రెండో ఆదివారం తిరిగి ఇచ్చింది, తల్లి చేతికి.

"యాడీ, ఇందులో డ్రాగన్‌ను నలభయ్యో పేజీలనే చంపిండ్రు. మిగిలిందంతా రాజులు కొట్టుకునుడే. చూడకుండ తెచ్చి పడేసుడు అలవాటే గదా."

వనజ మొగుడి వైపు చూడలేదు. చూస్తే అతను ఏమైపోయేవాడో. తిరుగు బస్సులో ఆమె ఇంకో మాట చెప్పింది. దసరా సెలవులకు ఇంటికి వస్తే ఇక మళ్ళీ హాస్టల్‌కు పోనని పిల్ల అంటోందట.

"బలవంతంగ పంపుతవా?" అంది వనజ.

దస్రు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. రోడ్డు పక్కన లారీలు జామాయిల్ దుంగలు మోసుకుంటూ మిల్లుకు పోతున్నాయి. బలవంతంగా పంపితే పిల్ల ఇంకెన్నడూ మాట్లాడదు. పంపకపోతే సీటు పోతుంది, చదువు మళ్ళీ మొదటికొస్తుంది. రెండింట్లో ఏది జరిగినా తప్పు తనదే.

మర్నాడు సాయంత్రం పుస్తకం పట్టుకుని గ్రంథాలయానికి పోయాడు. ఈసారి ఏమీ దాచుకోలేదు. జూన్ సంగతి మొత్తం సునందకు చెప్పేశాడు. ఆమె విని, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా అడిగింది.

"ఈ పుస్తకం మీరు చదివిండ్రా?"

"నేనా? నాకు మిషిన్ బుక్కు చదివే ఇంగ్లీషే వస్తది మేడం."

"నేను చదవని పుస్తకం ఎవ్వరికి చదవమని చెప్పను. ముప్పై ఏండ్ల నుంచి అదే నా పద్ధతి. లోపల ఏముందో తెల్వకుండ ఒకరి చేతిల పెట్టుడేంది?" అంటూ లేచి, నీలం అట్ట పుస్తకం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇది నేను చదివిన. కానీ మీ బిడ్డకు ఇయ్యాల్నా వద్దా అనేది నాకు తెల్వదు. నేను ఆమెను చూడలే. మీరు చదివి మీరే చెప్పాలె."

రెండువందల నలభై ఆరు పేజీలు. దస్రు చివరి పేజీ అంకె ఇంకోసారి చూసుకున్నాడు. అయినా తీసుకున్నాడు.

గనిలో మధ్యాహ్నం ఒంటిగంటకు బ్లాస్టింగ్. సైరన్ మోగితే డంపర్లు, బొగ్గు తవ్వి పోసే షవళ్ళు ఎక్కడివక్కడ ఆపి అందరూ షెల్టర్‌లోకి పోవాలి. మందు పేలి, దుమ్ము తగ్గి, రెండో సైరన్ వచ్చేవరకు ముప్పావుగంట అక్కడే. ఆ ముప్పావుగంటలో గుట్కా నమిలేవాళ్ళు నములుతారు, ఫోన్లు చూసేవాళ్ళు చూస్తారు. దస్రు ఒక మూల కూర్చుని, ఫోన్లో డిక్షనరీ పెట్టుకుని, వేలితో వరసలు తడుముకుంటూ డ్రాగన్ల పుస్తకం మొదలుపెట్టాడు. మొదటి రోజు రెండు పేజీలు. తోటివాళ్ళు నవ్వుకున్నారు. "దస్రన్న కలెక్టర్ పరీక్ష రాస్తున్నడే" అన్నారు. వారం తిరిగేసరికి నవ్వినవాళ్ళే గుడ్డు పగిలిందా లేదా అని అడగడం మొదలుపెట్టారు.

కథ పెద్ద కష్టమైనది కాదు. కొండదేశంలో ఒక పిల్లకు డ్రాగన్ గుడ్డు దొరుకుతుంది. ధాన్యపు గాదెలో దాచి పొదిగిస్తుంది. డ్రాగన్ పిల్ల పెరుగుతుంది, మాటలు నేర్చుకుంటుంది, ఆమె వెంటే తిరుగుతుంది. దస్రు షెల్టర్‌లో రోజూ చదివినంత తెలుగులో చెప్పేవాడు. గుడ్డు పగిలిన రోజు పదిమంది గని మనుషులు చప్పట్లు కొట్టారు. షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ వచ్చి ఏందీ గోల అని అడిగితే, "డ్రాగన్ పుట్టింది సార్" అన్నారు.

సెప్టెంబరు మొదటి వారంలో నూట డెబ్బై ఒకటో పేజీ వచ్చింది. ఊరి మీదికి సైనికులు వస్తున్నారు. డ్రాగన్‌ను చూస్తే చంపుతారు. ఆ పిల్ల డ్రాగన్‌ను దూరంగా ఒక గుహకు తీసుకుపోయి, పొద్దుమీకేవరకు వస్తాను, ఇక్కడే ఉండు అని చెప్పి వెళ్ళిపోతుంది. రాదు. రానని ఆమెకు ముందే తెలుసు. డ్రాగన్ గుహ వాకిట్లో కూర్చుని సాయంత్రం దాకా దారి చూస్తుంది.

దస్రు పుస్తకం మూశాడు.

"ఏమైంది? చచ్చిందా?" అని ఎవరో అడిగారు.

"చావలే," అన్నాడు. రెండో సైరన్ మోగితే లేచిపోయి డంపర్ ఎక్కాడు. ఆ రోజు నాలుగు ట్రిప్పులూ గోరి హాస్టల్ వాకిట్లో కూర్చుని దారి చూస్తున్నట్టే కనిపించింది. అంతవరకూ అతను తన అబద్ధాన్ని తనవైపునుంచే చూశాడు. సీటు, చదువు, మంచి కోసమే కదా అని. అవతలవైపునుంచి చూడటం అదే మొదలు.

మూడింటికి షిఫ్టు మారుతుంది. దస్రు దిగితే అదే డంపర్‌ను జంపయ్య ఎక్కుతాడు. ప్రతి బండికీ ఒక షిఫ్టు బుక్కు ఉంటుంది. దిగే మనిషి బండిలో ఉన్న లోపాలన్నీ అందులో రాసి 'ఇచ్చినవారు' గడిలో సంతకం చెయ్యాలి. ఎక్కే మనిషి అది చదివి, ఒప్పుకుంటే 'తీసుకున్నవారు' గడిలో చెయ్యాలి. లోపం సరిచేస్తే తప్ప ఎక్కనని సంతకం ఆపే హక్కు ఎక్కేవాడికి ఉంది. మూడేళ్ళ కిందట ఒకసారి దస్రు, బ్రేకు కొంచెం ఆలస్యంగా పడుతోందని రాయడం మరిచాడు. లోడుతో పల్లం దిగేటప్పుడు ఆ సంగతి జంపయ్యకు తెలిసింది. బండిని మట్టిగట్టుకు ఆనించి ఎలాగో ఆపుకున్నాడు. మర్నాడు వచ్చి, "చెప్పి ఇస్తే నేను నడుపుకుంట గదనే. చెప్పకుండ ఇస్తే చస్త" అన్నాడు. వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత దస్రు సీటు కవరు చిరిగినా రాయకుండా బండి దిగింది లేదు.

ఆ మూడింటికి షిఫ్టు బుక్కులో సంతకం చేస్తూ దస్రు పెన్ను ఆపాడు. "రాసినవా, ఇంకేమన్న ఉందా?" అన్నాడు జంపయ్య.

"ఉంది. నీది కాదు," అన్నాడు దస్రు.

మిగిలిన పేజీలు ఇంటి దగ్గర కూర్చుని నాలుగు రోజుల్లో పూర్తి చేశాడు. ఆ పిల్ల తిరిగి వచ్చి డ్రాగన్‌తో ఏం చెప్పిందో, అది ఎలా మాట్లాడిందో తెలిస్తే తనకూ దారి దొరుకుతుందని ఆశ. రెండువందల పన్నెండో పేజీలో ఆమె వచ్చింది. డ్రాగన్ ఆమెను చూసి ఒక్క పేజీలో అన్నీ మరిచిపోయి మెడ వంచింది. దస్రుకు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి చదివితే ఆ రాసినాయన అసలు పని దగ్గరే చేతులెత్తేశాడు.

తెల్లకాగితం తీసుకుని స్కేలు పెట్టి గీతలు కొట్టాడు. బిడ్డకు ఉత్తరం రాయడం అతనికి రాదు. వచ్చిన పద్ధతిలో రాశాడు.

"పుస్తకం: నీలం అట్టది. 246 పేజీలు.

పేజీ 1 నుంచి 30: మెల్లగ పోతది. పేర్లు ఎక్కువ. ఓపిక పట్టాలె.

పేజీ 58: గుడ్డు పగులుతది. ఇక్కడ షెల్టర్‌ల అందరం చప్పట్లు కొట్టినం.

పేజీ 103: డ్రాగన్‌కు దెబ్బ తగులుతది. చావదు. భయపడకు.

పేజీ 171: జాగ్రత్త. ఇక్కడ ఆ పిల్ల డ్రాగన్‌కు అబద్ధం చెప్తది. పొద్దుమీకేవరకు వస్తనని చెప్పి వదిలిపోతది. నేను జూన్‌ల చెప్పినట్టు. నువ్వు వద్దంటవేమోనని భయమై నీకు చెప్పలే. పెట్టె ముందుగాల పంపింది నేనే. శ్రీను మామ తప్పు లేదు.

పేజీ 212: డ్రాగన్ ఒక్క పేజీల అంత మర్చిపోతది. రాసినాయన తొందర పడ్డడు. అంత జల్దీ ఎవ్వరు మర్చిపోరు.

మిగిలింది బాగుంది. చదవొచ్చు.

ఇచ్చినవారు: దస్రు. తీసుకున్నవారు:"

వనజ ఆ కాగితం చూసి, "కన్నబిడ్డకు గిట్ల రాస్తరా ఎవరన్న? గిదేమన్న డంపరా?" అంది. రెండోసారి చదివింది. కాగితాన్ని తనే మడిచి పుస్తకంలో పెట్టింది.

సెప్టెంబరు రెండో ఆదివారం గోరి పుస్తకం తీసుకుంది. లోపల కాగితం ఉన్నట్టు చూసింది గాని విప్పలేదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఫోనులో తల్లితోనే మాట్లాడింది, పుస్తకం ఊసెత్తలేదు. షెల్టర్‌లో అందరూ అడుగుతున్నారు, బిడ్డ ఏమన్నది అని. ఏమనలేదు అని చెప్పి చెప్పి దస్రుకు నోరు నొచ్చింది.

దసరా సెలవులిచ్చిన రోజు అతనొక్కడే హాస్టల్‌కు పోయాడు. వనజ కావాలనే రాలేదు. వరండా నిండా పెట్టెలు, సంచులు, పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లిదండ్రులు. గోరి తన ఆకుపచ్చ పెట్టె మీద కూర్చుని ఉంది. సెలవులకు సంచి చాలు, పెట్టె అక్కర్లేదు. పెట్టె బయటికి వచ్చిందంటే తిరిగి రాదనే.

గోరి లేచి, నీలం పుస్తకం అతని చేతికే ఇచ్చింది. అందులోంచి కాగితం కొస కనబడుతోంది. దస్రు విప్పాడు. తను రాసినదాని కింద గుండ్రటి అక్షరాలు ఉన్నాయి.

"పేజీ 1 నుంచి 30 బాగనే ఉంది. నీకే మెల్లగ పోయింది.

పేజీ 171 రెండుసార్లు చదివిన.

పేజీ 212 నేను గూడ నమ్మలే.

లోపం: దసరా అయినంక ఏంది అనేది నన్ను ఎవ్వరు అడగలే. యాడీ అడగలే, నువ్వు అడగలే. సరిచేసినంక సంతకం."

'తీసుకున్నవారు' గడి ఖాళీగా ఉంది.

దస్రు ఆ పెట్టె పక్కన నేల మీదే కూర్చున్నాడు. అడిగితే ఇంటికి అంటుంది. అన్నాక కాదనడానికి ఉండదు. జూన్‌లో ఉన్న భయమే, అంతే ఉంది, ఏమీ తగ్గలేదు. అయినా అడిగాడు.

"దసరా అయినంక మళ్ళ ఈడికి వస్తవా బిడ్డా, ఇంటికాన్నే ఉంటవా? నువ్వు ఏదంటే అదే. నేను ఇంకో మాట అనను."

గోరి వంగింది. పెట్టెకు ఒకవైపు పట్టుకుంది. దస్రు రెండోవైపు పట్టుకున్నాడు. అవుట్ రిజిస్టర్‌లో సంతకం చేసి బస్టాండుకు వచ్చి బస్సెక్కారు. పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. బస్సు గోదావరి వంతెన ఎక్కింది. నది నిండుగా, ఎర్రగా పోతోంది. వంతెన అవతల సారపాక మిల్లు గొట్టాలు కనబడుతున్నాయి. గోరి కిటికీలోంచి చూస్తూనే చెయ్యి చాపింది.

"పెన్నియ్యి, బా."

దస్రు జేబులోని పెన్ను తీసిచ్చాడు. గోరి పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కాగితం పరిచి, బస్సు కుదుపులకు ఆగి ఆగి, ఖాళీ గడిలో తన పేరు రాసింది.

"వస్త," అంది. "అడిగినవ్ గదా."

దస్రు తల ఊపాడు.

"జూన్‌ల అడిగినా వస్తననేదాన్నే, బా," అంది గోరి, పెన్ను మూత పెడుతూ.

ఆ మాటను ఏ గడిలో రాయాలో తెలియక దస్రు కాగితం చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.